ఇంట్లో ఎలుక చచ్చింది, మనవడికి బిళ్ళ కట్టింది

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. మాది చిక్కడపల్లిలో పాత ఇల్లు. పోయిన వారం వంటింట్లో గ్యాసు సిలిండరు వెనక ఎలుక చచ్చి పడుంది. పనమ్మాయి రాలేదని నేనే చీపురుతో చేటలోకి తోసి, వీధి చివర కుప్పలో పడేసి వచ్చాను. మూడో రోజున మా పదకొండేళ్ళ మనవడు గజ్జల్లో నొప్పి అన్నాడు. చూస్తే ఉసిరికాయంత బిళ్ళ. వాడికి ఎప్పుడూ కాళ్ళకు దెబ్బలే, మొన్న కూడా బొటనవేలి గోరు లేచి చీము పట్టింది. జ్వరం లేదు, ఆడుకుంటున్నాడు. ఆరిజోనాలో ఉండే మా చిన్నమ్మాయికి ఫోనులో చెబితే ఒకటే ఏడుపు. అక్కడ 2025లో ప్లేగుతో ఒకరు పోయారట, గజ్జల్లో బిళ్ళే దాని గుర్తట. మందుల షాపులో అడిగితే డాక్సీసైక్లిన్ ఇచ్చారు. ఇంట్లో ఆరుగురికీ సరిపోయేలా నాలుగు స్ట్రిప్పులు తెచ్చి పెట్టాను, ఇంకా ఎవరికీ వేయలేదు. అసలు చార్మినార్ కట్టిందే ప్లేగు పోయినందుకని అంటారు కదా, ఆ జబ్బు ఈ ఊళ్ళో ఇంకా ఉందా? మావారేమో అంతా నా చాదస్తం అంటున్నారు. – ఒక నానమ్మ, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు మనవడి సంగతి చెప్పేస్తాను, మిగతావి నింపాదిగా మాట్లాడుకోవచ్చు. మీరు రాసినదాన్ని బట్టి పిల్లవాడిది ప్లేగులా లేదు. బొటనవేలి గోరు లేచి చీము పట్టిందని ఉత్తరం మధ్యలో ఒక్క ముక్క రాసి వదిలేశారు చూడండి, బిళ్ళకు కారణం అక్కడుంది.

కాలికి పుండైతే గజ్జల్లో, చేతికైతే చంకలో, పంటికో గొంతుకో అయితే దవడ కింద బిళ్ళ కట్టడం మీకు తెలియనిదేమీ కాదు. ఆరిజోనా నుంచి ఫోను రాకపోతే మీరే వాడి కాళ్ళు పట్టుకుని వేళ్ళ సందులు వెతికి ఉండేవారు. మేము లింఫ్ గ్రంథి అనే ఆ బిళ్ళ, కాలి పుండు నుంచి పైకి పాకే సూక్ష్మజీవుల్ని అడ్డుకునే పనిలో ఉబ్బుతుంది. బిళ్ళ మీద పసుపూ సున్నమూ పట్టు వేస్తుంటే మానేసి, వేలి దగ్గర చీము తీయించి కట్టు కట్టించండి. ధనుర్వాతం ఇంజెక్షను ఎప్పుడు వేయించారో కార్డు తీసి చూడండి. ఇంకో మాట. ఆ ఉబ్బు పడుకున్నప్పుడు లోపలికి పోయి, దగ్గినప్పుడు బయటికి వస్తోందంటే అది బిళ్ళ కాదు, హెర్నియా. దానికి సర్జన్ దగ్గరికి వెళ్ళాలి.

ఈ జవాబు అచ్చయి మీ చేతికి వచ్చేసరికి ఎలాగూ రెండు మూడు వారాలు గడుస్తాయి. అప్పటికి బిళ్ళ కరిగిపోయి ఉండాలి, లేదంటే శనగగింజంతకు తగ్గి ఉండాలి. తగ్గకపోయినా, పెరుగుతున్నా, రాయిలా గట్టిపడినా, సాయంత్రంపూట ఒళ్ళు వెచ్చబడుతున్నా పిల్లల డాక్టరుకు చూపించండి. పిల్లల్లో నెలల తరబడి కరగని బిళ్ళ అంటే మాకు ముందు గుర్తొచ్చేది టీబీ, ప్లేగు కాదు.

మరి ప్లేగు బిళ్ళ ఎలా ఉంటుందంటారా? ఎలుక ఒంటి మీద బతికే గోమారి (ఇంగ్లీషులో ఫ్లీ) అనే చిన్న పురుగు కుట్టిన ఒకటి నుంచి ఏడు రోజుల లోపల ఉన్నట్టుండి చలి, వణుకు, మండిపోయే జ్వరం. తల పగిలిపోతున్నట్టు నొప్పి. ఒంట్లో సత్తువ ఒక్కసారిగా జారిపోతుంది. గజ్జల్లో బిళ్ళ కోడిగుడ్డంత దాకా పెరిగి, దుప్పటి తగిలినా కేక పెట్టేంత నొప్పి పుడుతుంది. కాలు చాపలేక, ముడుచుకుని ఒక పక్కకు పడుకుంటాడు మనిషి. గోమార్లు ఎక్కువగా కాళ్ళ మీదే కుడతాయి కాబట్టి బిళ్ళ గజ్జల్లో కట్టడమే ఎక్కువ, మీ అమ్మాయి చెప్పింది అంతవరకు నిజమే. కానీ ప్లేగు బిళ్ళ కట్టిన పిల్లవాడు గల్లీలో క్రికెట్ ఆడడమ్మా.

అలాగని అమ్మాయి భయాన్ని తీసిపారేయకండి. చెప్పాలంటే ఆ జబ్బు మీకన్నా ఆమెకే దగ్గర. 1900 ప్రాంతంలో ఓడలెక్కి అమెరికా పశ్చిమ తీరానికి చేరిన ప్లేగు, ఊరి ఎలుకల నుంచి అడవి జీవాలకు పాకి, అక్కడే తిష్ఠ వేసుకుంది. ఆరిజోనా, న్యూ మెక్సికో మైదానాల్లో బొరియల్లో గుంపులుగా బతికే ప్రెయిరీ డాగ్ అనే ఉడుత జాతి జంతువుల్లో ఇప్పటికీ ఉంది. అమెరికా మొత్తం మీద ఏటా సగటున ఏడుగురికి వస్తుంది. 2025 జులైలో ఆరిజోనాలోని కొకొనీనో కౌంటీలో ఒకరు చనిపోయింది ఊపిరితిత్తుల ప్లేగుతో. అమ్మాయి ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే బొరియల దగ్గర తిరగనివ్వవద్దని, వాటికి గోమార్ల మందు వేయించమని, ఎక్కడైనా ఉడుతలు గుంపుగా చచ్చి కనిపిస్తే ఆ దారి వదిలేయమని ఈసారి ఫోనులో మీరే చెప్పండి. పిల్లికి ప్లేగు వస్తే దాని నుంచి నేరుగా మనిషికి కూడా రాగలదు.

ఇక ఎలుక కథ. ప్లేగును తెచ్చేది ఎలుక అని అందరం అంటాం గానీ, ఎలుక పాపం ఆ జబ్బుతో ముందు చచ్చేది. మోసేది దాని ఒంటి మీది గోమారి. రెక్కలుండవు, చప్పిడిగా, నువ్వుగింజ కన్నా చిన్నగా ఉంటుంది, గెంతుతుంది. పశువులకు పట్టే పిడుదు వేరు, ఇది వేరు. జబ్బు ఎలుక నెత్తురు తాగిన గోమారి పొట్టకు ముందున్న సందులో ప్లేగు సూక్ష్మజీవులు పెరిగి పెరిగి అడ్డుగా గడ్డ కడతాయి. ఇక తాగిన నెత్తురు లోపలికి దిగదు. ఆకలి తీరదు. మళ్ళీ కుడుతుంది, మింగుడుపడక కక్కుతుంది, ఆ కక్కిన దానితో సూక్ష్మజీవులు కుట్టిన చోటికి చేరతాయి. ఎలుక బతికున్నంత కాలం గోమారికి మనిషితో పనిలేదు. ఎలుక చచ్చి ఒళ్ళు చల్లబడగానే వెచ్చటి ఒళ్ళు వెతుక్కుంటుంది, దొరికింది మనిషైతే మనిషి.

మా నాయనమ్మకు ఈ సైన్సు ఏమీ తెలియదు. కానీ పాలమూరు యాసలో చెప్పేది: "ఎలుకలు రాల్తున్నయంటే బియ్యం మూట, మేకపిల్ల పట్టుకుని చేన్లకు వోయేటోళ్ళం. గుడిసెలేసుకుని నెల దినాలు ఆడ్నే." ఎలుకలు చావడం, మనుషులు పడటం మధ్య కొన్ని రోజుల వ్యవధి ఉంటుందని ఆ ఊరివాళ్ళు కళ్ళతో చూసి పట్టుకున్నారు. ఇల్లు వదిలితే గోమార్లను వదిలినట్టే. గోమారి పాత్రను 1898లో కరాచీలో పనిచేస్తున్న పాల్ లూయీ సిమోఁ అనే ఫ్రెంచి డాక్టరు తేల్చాడు. తోటి శాస్త్రవేత్తలే ఆయన మాట నమ్మడానికి చాలా ఏళ్ళు పట్టింది. వాళ్ళను మా నాయనమ్మ దగ్గరకు పంపితే సరిపోయేది అనిపిస్తుంది నాకు. సూక్ష్మజీవిని అంతకు నాలుగేళ్ళ ముందే, 1894లో, హాంకాంగ్‌లో యెర్సిన్ పట్టుకున్నాడు. ఆయన పేరు మీదే దానికి యెర్సీనియా పెస్టిస్ అని పేరు.

కాబట్టి మీ సిలిండరు వెనక చచ్చిన ఒక్క ఎలుకకు అంత అర్థం లేదు. పక్కింట్లోనో కింద కిరాణా కొట్టులోనో మందు పెట్టి ఉంటారు, కనుక్కోండి. మందు తిన్న ఎలుక మీ వంటింట్లోకి వచ్చి కూడా చావొచ్చు. భయపడాల్సింది ఒకే వీధిలో, మందు పెట్టకుండానే, కొద్దిరోజుల్లో పదుల కొద్దీ ఎలుకలు చస్తే. అప్పుడు జీహెచ్ఎంసీ వాళ్ళకు ఫోను చేయాలి, ముట్టుకోకూడదు. అలాంటప్పుడు మందు పెట్టి ఇంకా ఎలుకల్ని చంపడం మరీ ప్రమాదం, వాటి మీది గోమార్లన్నీ ఇళ్ళలోకి దూకుతాయి. ముందు గోమార్లకు మందు కొట్టి, ఆ తర్వాతే ఎలుకల జోలికి వెళతారు.

చార్మినార్ గురించి అడిగారు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడన్నది గట్టి సంగతి. ప్లేగు పోయినందుకు గుర్తుగా కట్టాడన్నది తరతరాలుగా చెప్పుకునే మాట. హిజ్రీ లెక్కన వెయ్యో సంవత్సరం వస్తున్నందుకు కట్టాడని చెప్పే చరిత్రకారులూ ఉన్నారు. లష్కర్ బోనాలకూ ఇలాంటి కథే ఉంది: 1813లో ఇక్కడ మహమ్మారి చెలరేగిందని ఉజ్జయినిలో ఉన్న మన సిపాయిలు విని అక్కడి మహాంకాళికి మొక్కుకున్నారని, 1815లో సికింద్రాబాద్‌లో అమ్మవారిని నిలిపారని. ఆ మహమ్మారిని కొందరు కలరా అంటారు, కొందరు ప్లేగు అంటారు. ఊళ్ళను ఊడ్చేసిన ఏ జబ్బయినా ఆ రోజుల్లో జనం నోట గత్తరే, మహమ్మారే.

ప్లేగు అని నిక్కచ్చిగా చెప్పగలిగింది తర్వాతి కాలంలో వచ్చింది. 1896లో బొంబాయి రేవులో దిగిన ప్లేగు రైళ్ళ వెంట దక్కను అంతా పాకింది. తర్వాతి యాభై ఏళ్ళలో దేశంలో కోటీ ఇరవై లక్షల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. 1911లో హైదరాబాదులోనూ విరుచుకుపడింది. 1908 మూసీ వరద ఒకటి, ఈ ప్లేగు ఒకటి, రెండు దెబ్బలూ తిన్నాకే 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు బస్తీలు తీసి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్ళు కట్టించడం మొదలుపెట్టింది. మీ చిక్కడపల్లికి కూతవేటు దూరంలో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఉంది కదా, పాతవాళ్ళు దాన్ని కోరంటి దవాఖాన అంటారు. క్వారంటైన్ అన్న మాటే మన నోట్లో కోరంటి అయింది. అంటురోగులను ఊరికి దూరంగా ఉంచిన రోజుల గుర్తు అది. ఇప్పుడు ఆటోవాళ్ళు కూడా ఆ మాట మరిచిపోతున్నారు.

ఇప్పుడు ఊళ్ళో ఉందా అంటే, లేదు. 1966లో కర్ణాటకలో కనిపించిన తర్వాత మన దేశంలో 1994 దాకా మనుషుల్లో ప్లేగు కనబడలేదు. ఆ ఏడు మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో బిళ్ళల ప్లేగు, సెప్టెంబరులో సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చాయి. 2002లో సిమ్లా జిల్లాలో 16 మందికి వచ్చి నలుగురు పోయారు. 2004లో ఉత్తరకాశి దగ్గర ఒక పల్లెలో 8 మందికి వచ్చి ముగ్గురు పోయారు. కొండల్లో, అడవి ఎలుకల్లో సూక్ష్మజీవి నిద్రపోతూ ఉంటుంది కాబట్టే బెంగళూరులో కేంద్ర ప్రభుత్వానికి ప్లేగు నిఘా విభాగం ఒకటి ఉంది, ఎలుకలను పట్టి నెత్తురు పరీక్షిస్తూ ఉంటారు.

సూరత్ అనగానే నాకొక మనిషి గుర్తొస్తాడు. అప్పుడు నేను నగరంలోని ఒక ఆసుపత్రిలో చిన్న డాక్టరును. సూరత్ మరమగ్గాల మీద మన పద్మశాలీలు వేలమంది ఉన్నారు. భయంతో లక్షలమంది ఊరు వదిలి రైళ్ళెక్కిన రోజులవి. నల్లగొండ వైపు నేతపనివాడొకడు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని ఓపీకి వచ్చాడు. దగ్గుతూ, "సూరత్ నుంచి సార్" అన్నాడంతే. బెంచీ మీద కూర్చున్న పదిహేను మందీ నిమిషంలో మాయం. చీటీ రాసే అతను రిజిస్టరును కింద పెట్టి, కాలితో అతని వైపు నెట్టాడు, సంతకం నువ్వే చేసుకోమని. ఆ మనిషి ఏమీ అనలేదు, నేల మీద గొంతుక్కూచుని పేరు రాశాడు. అతను దగ్గు మొదలై మూడు నెలలైందన్నాడు. ఊపిరితిత్తుల ప్లేగు వచ్చిన మనిషి మందు పడకపోతే మూడు నాలుగు రోజులు మించి ఉండడు, మూడు నెలలు దగ్గడానికి. కళ్ళె పరీక్షిస్తే టీబీ. దూది నుసిలో పనిచేసే అతనికి అన్నాళ్ళూ ఎవరూ పరీక్ష చేయించలేదు. టీబీ అని తెలిశాక బెంచీ మీద జనం మళ్ళీ వచ్చి అతని పక్కనే కూర్చున్నారు. అసలు దూరం జరగాల్సింది అప్పుడు!

ఆ గొడవలో దేశమంతా కలిపి 876 మందిని ప్లేగు అనుమానంతో లెక్క రాశారు, 54 మంది చనిపోయారు. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ గోలీలు మాయమయ్యాయి, అవసరం లేని లక్షల ఇళ్ళ అల్మారాల్లో చేరాయి. మీ నాలుగు స్ట్రిప్పులు చూస్తే నాకు ఆ రోజులే గుర్తొచ్చాయి.

ఆ గోలీల సంగతికి వద్దాం. ప్లేగుకు మందు ఉంది, ఖరీదైందీ కాదు: స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్. మందు పడకపోతే బిళ్ళల ప్లేగులో నూటికి ముప్ఫై నుంచి అరవై మంది పోతారు, ఊపిరితిత్తులకు పాకితే దాదాపు ఎవరూ మిగలరు. వేళకు పడితే ఎక్కువమంది లేచి తిరుగుతారు. ఊపిరితిత్తుల రకంలో మాత్రం ఒక్క రోజు ఆలస్యం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. మనిషి నుంచి మనిషికి దగ్గు తుంపర్లతో అంటేది కూడా ఆ రకమే, బిళ్ళల రకం మామూలుగా అంటదు. ముందు జాగ్రత్తగా గోలీలు ఇచ్చేది అలాంటి రోగికి దగ్గరగా మసిలినవాళ్ళకు, అదీ ఏడు రోజులు. మీ ఇంట్లో ఆ రోగీ లేడు, ఆ అవసరమూ లేదు. పైగా ఆరుగురిలో ఎనిమిదేళ్ళ లోపు పిల్లలుంటే డాక్టరు చెప్పకుండా డాక్సీ వేయకూడదు. మీ వయసువాళ్ళు రాత్రి గుక్కెడు నీళ్ళతో మింగి పడుకుంటే గోలీ అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేస్తుంది. నిండు గ్లాసు నీళ్ళు తాగి అరగంట కూర్చోవాలని మీకు షాపులో చెప్పారా?

ఎలుకలతో మీ ఇంటికి నిజంగా రాగల జబ్బులు వేరే ఉన్నాయి. వానాకాలంలో మోరీలు పొంగి వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచినప్పుడు, ఎలుకల మూత్రం కలిసిన ఆ నీళ్ళలో నడిస్తే కాలి పగుళ్ళలోంచి, పుండ్లలోంచి దూరేది లెప్టోస్పైరోసిస్, ఎలుక జ్వరం అంటారే అది. జ్వరంతోపాటు పిక్కలు పట్టుకుంటే నొప్పి, కళ్ళు ఎర్రబడటం, తర్వాత పచ్చకామెర్లు, మూత్రం తగ్గడం. రెండోది స్క్రబ్ టైఫస్. చెట్టూ పుట్టా ఉన్న చోట ఎలుకల మీద బతికే మైట్ అనే సన్నటి పురుగు పిల్లలు కుట్టి వస్తుంది, మంచాల్లో ఉండే నల్లి కాదు. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది, అక్కడా బిళ్ళలు కడతాయి. వారం రోజులు జ్వరం తగ్గదు, పరీక్షల్లో టైఫాయిడూ డెంగీ దొరకవు. చంకలో, నడుము మడతలో ఆ పెచ్చు ఎవరూ చూడరు. ఈ రెంటికీ పనిచేసేది మీ అల్మారాలో ఉన్న డాక్సీయే, కానీ జబ్బు ఏదో తేలకుండా రెండు గోలీలు వేసి ఆపేస్తే జబ్బు పూర్తిగా పోదు, పరీక్షలోనూ తేలకపోవచ్చు. బొటనవేలికి పుండున్నన్నాళ్ళు మనవడిని మోరీ నీళ్ళలో దిగనివ్వకండి. బంతి అందులో పడితే పడనివ్వండి.

ఇళ్ళలో చచ్చిన ఎలుక కనిపిస్తే ఊడ్వవద్దు. ఊడిస్తే ఎండిన మూత్రం, పెంట దుమ్మై లేస్తుంది. బ్లీచింగు నీళ్ళు చల్లి పది నిమిషాలు ఆగి, చేతికి రెండు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని పట్టుకుని, కవరును తిరగేసి ముడి వేయండి. కుప్పలో విసిరితే కుక్కలు లాగుతాయి, పెరడు ఉంటే లోతుగా గుంత తీసి పూడ్చడం మేలు. ఎలుకలు రాకుండా ఉండాలంటే మందు కన్నా సిమెంటు నయం. పాత ఇళ్ళలో సింకు గొట్టం గోడలోకి వెళ్ళే చోట సందు ఉంటుంది, వేలు దూరితే ఎలుక దూరుతుంది. ఇనుప పీచు కుక్కి సిమెంటు పూయించండి. మోరీలోంచి వచ్చే పందికొక్కుకు మాత్రం జాలీ బిగించాల్సిందే. ఇంగ్లీషువాళ్ళు దాన్ని బ్యాండికూట్ అంటారు, ఆ మాట మన పందికొక్కు నుంచే వాళ్ళకు వెళ్ళింది. ట్యూబులో వచ్చే ఎలుకల మందు పేస్టును బిస్కెట్టుకు రాసి పెట్టే అలవాటుంటే ఈ రోజే మానండి. అందులో ఉండే పసుపు భాస్వరం పిల్లల నోట్లో పడితే కాలేయం దెబ్బతింటుంది, విరుగుడు మందు లేదు. మా రోజుల్లో ప్లేగు రోగిని నేను ఒక్కరినీ చూడలేదు గానీ, ఆ పేస్టు తిన్న పిల్లలను చూశాను.

మీవారికి నా మాటగా చెప్పండి, బిళ్ళ చూసి డాక్టరును అడగడం చాదస్తం కిందకు రాదు. నాలుగు స్ట్రిప్పులు కొనడం మాత్రం కాస్త వస్తుంది. తెరవనివి షాపులో తిరిగి తీసుకుంటారేమో అడగండి. అన్నట్టు, ఆ చేటతో తర్వాత బియ్యం చెరగలేదు కదా? వెదురు సందుల్లో పట్టింది ఎంత కడిగినా పోదు. పాతది, కలిసొచ్చిన చేట అని దాచుకోకుండా పారేసి కొత్తది కొనుక్కోండి.